బాలల కొరకు తర్కం రచించిన అన్నంభట్టు

తెలుగుగడ్డపై ప్రభవించి కాశీ పండితులలో మేటిగా కీర్తి గడించిన శాస్త్రవేత్త అన్నంభట్టు. ఆయన 17వ శతాబ్దికి చెందినవారు. తిరుమలాచార్యుల వారి కుమారులు. తర్క, వ్యాకరణ, వేదాంతాలలో సమాన ప్రజ్ఞ గలవారు. పాణిని సూత్రాలకూ, బ్రహ్మసూత్రాలకూ వృత్తులు రచించారు. అయితే ఆయన పేరును చిరస్థాయిగా నిలిపినవి ఆ ప్రౌఢ గ్రంథాలు కావు; బాలలు సుఖంగా గ్రహించుటకై వ్రాసిన 'తర్కసంగ్రహం' అనే చిన్న పుస్తకం. దానికి 'దీపిక' అనే వ్యాఖ్యను కూడ తామే సమకూర్చారు.

పదాలను పేర్చినంత మాత్రాన వాక్యం కాదని ఆ గ్రంథం బోధిస్తుంది. వాక్యార్థం కలుగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ ఉండాలి. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరుసగా పలికితే ఒక పదం మరొక పదాన్ని కోరదు. అక్కడ ఆకాంక్ష లేదు. నిప్పుతో తడపమంటే పదాలు కుదిరినా అర్థం పొసగదు, యోగ్యత లేదు. జాముకొక పదం చొప్పున పలికితే సన్నిధి లేదు.

వాదానికి సైతం ఇట్టి కట్టుబాటు ఉన్నది. ఇతరులకు నిరూపించి చెప్పుటకు ఐదు అవయవాలు కావాలి. కొండపై నిప్పున్నదనుట ప్రతిజ్ఞ. పొగ ఉన్నందున అనుట హేతువు. పొగ ఉన్నచోటనెల్ల నిప్పుండును, వంటయింటిలో వలె అనుట ఉదాహరణం. ఈ కొండయు అట్టిదే అనుట ఉపనయం. కనుక నిప్పున్నదని తేల్చుట నిగమనం. దీనినే తలక్రిందులు చేసి, నిప్పున్నది కనుక పొగ ఉన్నదంటే వాదం నిలువదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పే గాని పొగ ఉండదు గదా!

1879లో జర్మనీ దేశీయుడు గాట్లోబ్ ఫ్రేగే తర్కాన్ని గుర్తుల భాషగా మలచారు. అందు సూత్రం సక్రమమా కాదా అన్నది గుర్తుల కూర్పును బట్టియే తేలుతుంది. అర్థంతో పని లేదు. అన్నంభట్టు చెప్పిన యోగ్యత అర్థాన్ని కూడ పరీక్షిస్తుంది. మార్గాలు వేరైనను, కూర్పు చెడిన మాటకు సత్యాసత్య విచారణయే లేదన్నది రెండింటి సారం.

తరతరాలుగా సంస్కృత పాఠశాలల్లో తర్కానికి తొలి వాచకంగా నిలిచిన ఈ గ్రంథాన్ని 19వ శతాబ్దిలో కాశీ సంస్కృత కళాశాల అధ్యక్షులు బాలంటైన్ ఆంగ్లంలోనికి అనువదించారు. పుట్టిననేలకు దూరాన విద్యాదీపం వెలిగించిన ఆ తెలుగు పండితుని జీవితం, కన్నడసీమలోని కాడుగోడిలో తెలుగు అక్షరాలు దిద్దే చిన్నారులకు ఆదర్శప్రాయం. విన్నదానినెల్ల నమ్మక, హేతువేమని అడుగుటయూ, అడిగినవారికి హేతువు చూపుటయూ ఆయనకు సమర్పించదగిన నిజమైన నివాళి.