కంటి చూపును పరీక్షించిన ఇబ్నుల్ హైసమ్ (రహ్మలై)

హిజ్రీ 354లో, అంటే క్రీ.శ. 965 ప్రాంతంలో, ఇరాక్‌లోని బస్రా నగరంలో అబూ అలీ హసన్ బిన్ హసన్ బిన్ హైసమ్ జన్మించారు. మనం ఇబ్నుల్ హైసమ్ అనీ, ఐరోపావారు అల్‌హాజెన్ అనీ పిలిచే విద్వాంసుడు ఆయనే. కెమెరాను కనిపెట్టింది ఈయనేనని మన సభల్లో తరచూ వింటుంటాం. అది నిజం కాదు. చిన్న రంధ్రం గుండా వచ్చిన వెలుగు చీకటి గది గోడ మీద బొమ్మలు చూపుతుందన్న సంగతి ఆయనకు పూర్వమే కొందరికి తెలుసు. ఆయన చేసిన పని అంతకంటే పెద్దది. మనిషి ఎలా చూస్తాడు, చూసినదాన్ని ఎలా గుర్తుపడతాడు అన్న ప్రశ్నకు ఆయన ఊహతో సరిపెట్టుకోక పరీక్షలు చేసి జవాబు వెదికారు. లేని ఘనతను అంటగట్టి ఉన్న ఘనతను మరుగుపరచడం ఏ మహనీయునికీ న్యాయం కాదు.

ఆనాటి బస్రా వాదోపవాదాల నగరం. ఒక్కో వర్గం తానే సత్యంపై ఉన్నానని వాదించేది. పడుచు వయసులోనే ఆయన ఈ వాదనలన్నీ విని, సత్యం ఒక్కటే అయి ఉండాలి, తేడా దానిని చేరే దారుల్లోనే ఉండాలి అని తలపోశారు. అల్లాహ్ సామీప్యం పొందటానికి సత్యాన్వేషణను, జ్ఞానాన్ని మించిన మార్గం తనకు కనిపించలేదని తరువాతి కాలంలో స్వయంగా రాసుకున్నారు. గణితం, ఖగోళం, వైద్యం, గ్రీకు తత్వశాస్త్రం – అన్నింటినీ ఈ ఉద్దేశంతోనే చదివారు. ఖిబ్లా దిశను లెక్కగట్టే పద్ధతిపై కూడా ఒక రచన చేశారు.

ఈజిప్టుకు ఆయన వెళ్ళిన కథ ప్రసిద్ధమైనది. నైలు నదికి ఒక ఏడు వరద, ఒక ఏడు కరవు. తాను అక్కడ ఉంటే ఆ నీటిని అదుపు చేసే ఉపాయం చేసేవాణ్ణని ఆయన అన్న మాట ఫాతిమీ పాలకుడు అల్ హాకిమ్ చెవిన పడింది. పాలకుడు కబురు పంపి, కైరో వెలుపలికి ఎదురొచ్చి స్వాగతం చెప్పాడంటారు. పనివాళ్ళను వెంటబెట్టుకుని ఆయన నది వెంబడి దక్షిణానికి ప్రయాణమయ్యారు. దారి పొడవునా ప్రాచీనులు కట్టిన మహా కట్టడాలు కనిపించాయి. ఇంత లెక్క, ఇంత నైపుణ్యం ఉన్నవారికి ఈ ఉపాయం సాధ్యమయ్యేదే అయితే వారే చేసి ఉండేవారు కదా అనిపించింది. అస్వాన్ దగ్గర నది తీరు చూశాక సందేహం తీరిపోయింది. తిరిగి వచ్చి, ఇది నా వల్ల కాదని పాలకునితో ఒప్పుకున్నారు. దూరాన కూర్చుని చెప్పిన మాటను దగ్గరకు వెళ్ళి చూసి వెనక్కి తీసుకోవడం తేలిక కాదు, అందులోనూ అటువంటి పాలకుని ముందు.

ఎందుకంటే అల్ హాకిమ్ మనసు ఏ క్షణాన ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు. మంత్రులను, అధికారులను చంపించిన వాడతను. ఇబ్నుల్ హైసమ్‌కు శిక్ష వేయకుండా ఒక ఉద్యోగం ఇచ్చాడు. ఆ ఉద్యోగంలో ప్రాణభయం ఉందని గ్రహించిన ఆయన పిచ్చివాడిలా నటించారు. ఆస్తి స్వాధీనం చేసుకుని ఆయనను ఇంట్లోనే నిర్బంధించారు. క్రీ.శ. 1021లో (హి. 411) అల్ హాకిమ్ అంతమయ్యే దాకా అదే స్థితి. ఆ తరువాతే ఆయన తన తెలివి చెక్కుచెదరలేదని లోకానికి తెలియజేశారు. అల్ అజ్‌హర్ మస్జిద్ సమీపంలో నివసిస్తూ, గణిత, ఖగోళ గ్రంథాలకు స్వహస్తంతో ప్రతులు రాసి అమ్ముకుని, ఏడాదికి 150 దీనార్లతో జీవితం గడిపారు. ఆయన మహా గ్రంథం కితాబుల్ మనాజిర్ నిర్బంధంలో రాసిందేనని చాలామంది చెబుతారు. విడుదలైన తరువాతే రాసి ఉంటారన్నది పరిశోధకుల్లో కొందరి అభిప్రాయం.

ఏడు భాగాల ఆ గ్రంథంలో ఏముంది? యూక్లిడ్, టాలెమీ వంటి పెద్దలు కంటి నుండి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని నమ్మారు. ఇబ్నుల్ హైసమ్ వెలుగే వస్తువు నుండి కంటిలోకి వస్తుందని నిరూపించారు. సూర్యుణ్ణి చూస్తే కన్ను నొప్పి పెడుతుంది కదా, అంటే బయటి నుంచి ఏదో కంటిని తాకుతున్నట్లే. వెలుగు తిన్నగా ప్రయాణిస్తుందని చూపటానికి, ఒక రంధ్రానికి ఎదురుగా వేర్వేరు చోట్ల కొన్ని దీపాలు పెట్టారు. చీకటి గదిలో ఎన్ని దీపాలో అన్ని వెలుగు మచ్చలు పడ్డాయి. ఒక దీపాన్ని మూస్తే దానికి ఎదురైన మచ్చ ఒక్కటే పోయింది. దీపాల వెలుగులు రంధ్రం వద్ద కలిసినా ఒకదానిలో ఒకటి కలగాపులగం కాలేదు. ఈ పరీక్ష మన పిల్లలు ఇంట్లో టార్చిలైట్లతో చేసి చూడవచ్చు.

అయితే వెలుగు కంటిలో పడటంతో చూడటం పూర్తి కాదు. రెండు కళ్ళ నుండి వచ్చిన రూపాలు నరాల ద్వారా కలిసి మెదడుకు చేరిన తరువాతే చూపు పూర్తవుతుందని ఆయన రాశారు. కన్ను నేరుగా పట్టేది వెలుగును, రంగును మాత్రమే. దూరం, పరిమాణం, కదలిక వంటివి మనసు పోల్చి చూసి తేల్చుకుంటుంది. ఒక్క చూపులో అంతా స్పష్టంగా కనబడదు. చూపుకు సూటిగా ఉన్న భాగమే స్పష్టం. అందుకే కన్ను వస్తువు మీద కదులుతూ పరిశీలిస్తుంది. ఈ పుటలో ఒక పదం మీద చూపు నిలిపి, కన్ను కదపకుండా చివరి పంక్తిని చదవటానికి ప్రయత్నించండి, సంగతి బోధపడుతుంది. మన కళ్ళు సెకనుకు సుమారు మూడుసార్లు ఇలా గెంతుతాయని నేటి శాస్త్రం లెక్కగట్టింది.

పదేపదే చూసిన రూపం మనసులో నిలిచిపోతుంది, మళ్ళీ ఎదురైనప్పుడు ఒక్క గుర్తు చాలు. బజారులో దూరం నుంచి నడక చూసి మామూ వస్తున్నారని పోల్చుకోవడం ఇలాంటిదే. చదువు వచ్చినవాడు అల్లాహ్ అన్న పేరు కనబడగానే అక్షరాలు కూడబలుక్కోకుండానే గుర్తిస్తాడని ఆయన ఉదాహరణ ఇచ్చారు. రెండు పండ్లు చూపితే పసివాడు మంచిదాన్నే ఎంచుకుంటాడు. తాను పోల్చి చూశానన్న స్పృహ వాడికి ఉండదు. మన తీర్పులు కూడా ఇంత వేగంగా జరుగుతాయి గనుక వాటిని తీర్పులనుకోం, కళ్ళారా చూశామనే అంటాం.

పొరపాట్లకు మూలం ఇక్కడే ఉంది. ఆయన మూడవ భాగమంతా చూపు చేసే తప్పులకే కేటాయించారు. దూరం ఎక్కువైనా, వెలుగు తక్కువైనా, చూసే సమయం చాలకపోయినా మనసు తొందరపడి పాత రూపాన్ని అతికిస్తుంది. మబ్బులు కదిలితే చంద్రుడే పరుగెడుతున్నట్లు తోస్తుంది. ఆయన పుట్టిన బస్రాకు చెందిన ఒక ఉదంతం ఇక్కడ గుర్తొస్తుంది. ముదిమి వయసులో హజ్రత్ అనస్ (రజి) నెలవంక కనిపించిందన్నారు. పక్కనున్న ఎవరికీ కనిపించలేదు. తరువాత బస్రా ఖాజీ అయిన ఇయాస్ బిన్ ముఆవియా ఆయన కనుబొమ నుండి కంటి మీదికి వంగిన ఒక తెల్ల వెంట్రుకను గమనించి, మెల్లగా సరిచేసి, మళ్ళీ చూడమన్నారట. ఈసారి నెలవంక లేదు. ఆ సహాబీ అబద్ధమాడలేదు, చూసిందే చెప్పారు. నెలవంక సాక్ష్యం చెప్పేవారు, మరొకరి గురించి నేను చూశాను అని నాలుగు ఇళ్ళకు మోసేవారు ఇది ఆలోచించాలి. చూపును గురించి, మనసును గురించి కూడా ప్రశ్న ఉంటుందని బనీ ఇస్రాయీల్ సూరా (17:36) హెచ్చరిస్తోంది.

ఆయన కూడా కొన్ని తప్పులు చేశారు. చూపును గ్రహించేది కంటిలోని స్ఫటిక భాగం అనుకున్నారు. వెనుకనున్న రెటీనా మీద తలకిందులుగా రూపం పడుతుందని 1604లో కెప్లర్ తేల్చారు. చూపును అందుకునే చోటు మెదడు ముందు భాగమని ఆయన భావించారు, కాగా నేటి శాస్త్రం ప్రకారం అది వెనుక భాగం. ఈ సవరణలు ఆయన పద్ధతికి అనుగుణమైనవే. టాలెమీపై సందేహాలు అనే రచనలో, పూర్వ విద్వాంసులు తప్పులకు అతీతులు కారు, వారి మాటను శోధించాలి, శోధించే తనను కూడా శంకించుకోవాలి అని ఆయనే బోధించారు.

క్రీ.శ. 1040 ప్రాంతంలో కైరోలో ఆయన కన్నుమూశారు. గ్రంథం లాటిన్‌లోకి వెళ్ళి 1572లో బాసెల్ నగరంలో అచ్చయింది. దానిపై కమాలుద్దీన్ ఫారిసీ రాసిన అరబీ వ్యాఖ్యానాన్ని 1928–30 మధ్య అచ్చువేసింది మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్. ఇబ్నుల్ హైసమ్ చిన్న రచనల సంపుటం కూడా 1938లో అక్కడి నుండే వెలువడింది.