తూర్పు వాలు పండితుడు సు షి

ఏడు తంత్రుల వాద్యము, నలుపు తెలుపు రాళ్ల పలకాట, అక్షరలేఖనము, చిత్రరచన - ఈ నాలుగును ప్రాచీన చీనా పండితుని సంస్కారమునకు కొలతలు. 1037లో జన్మించిన సు షికి పలకాట అబ్బలేదు. కుంచె మాత్రము వశమైనది. ఇరువదేండ్లకే, 1057లో, రాజపరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. వాంగ్ అన్‌షి సంస్కరణలను కవితలలో ఎత్తిపొడిచినాడని 1079లో ఆయనను చెరసాలలో నుంచిరి. మరణదండన తప్పి హ్వాంగ్‌జౌ చేరిన ఆ కవి, తూర్పు వాలునందలి బీడును దున్నుకొని బ్రతికెను. 'తూర్పు వాలు' అను అర్థముగల డోంగ్‌పో నామముతోనే ప్రసిద్ధుడయ్యెను. 1082లో ఆ లేమిలో వెలసిన రెండు కవితల చేవ్రాత నేటికిని తైపే రాజప్రాసాద ప్రదర్శనశాలలో నున్నది. 1097లో మరల ప్రవాసము, ఈసారి హైనాన్ ద్వీపమునకు. అచట కుమారుడు పలకాట ఆడుచుండగా, తనకు రాని ఆ విద్యను దినమెల్ల విసుగు లేక చూచుచు కూర్చుండెడివాడు. క్షమాభిక్ష పొంది మరలివచ్చుచు 1101లో చాంగ్‌జౌలో కన్నుమూసెను.