సర్ థామస్ మన్రో

అనంతపురపు మెట్టసీమ వానకు పేద. నైరుతి ఋతుపవనము తన నీటిని చాలవరకు పడమటి కనుమలమీదనే కురిసి, ఇచ్చటికి కొద్దిపాటి వానతోనే చేరును. ఈశాన్య ఋతుపవనము తీరమునకు దూరమగుకొలది బలము తగ్గును. ఈ సీమలో పెనుకొండకు ఈశాన్యమున, బుక్కపట్నమునకు చేరువగా కొత్తచెరువను ఊరు కలదు. చెరువు పేరే ఊరి పేరైనది. చెరువు నిండిన యేడు అన్నము, నిండని యేడు వలస. ఇది ఈ ప్రాంతపు పాతకథ.

అట్టి కరవు ఏట పసివాని చదువు ఏమగును? పూర్వము వీధిబడి అయ్యవారికి సర్కారు జీతము లేదు. తలిదండ్రులు నెలనెల ఇచ్చు అణాలే ఆయనకు జీవనము. పంట ఎండినచో రైతు అణాలీయలేడు. అణాలు రానిచో అయ్యవారు నిలువలేడు. అయ్యవారు లేనిచో బడి లేదు. ఈ కష్టమును గుర్తించి, బోధించువారికి ఖజానానుండి జీతమీయవలెనని చెన్నపట్నపు గవర్నరుగా నుండి ప్రతిపాదించినవాడు సర్ థామస్ మన్రో.

మన్రో 1761వ సంవత్సరము మే 27వ తేదీన స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరములో జన్మించెను. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో వర్తకము చేయువాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధమువలన ఆ వర్తకము చెడి, కుటుంబము చితికిపోయెను. కలిమి ఒక్క దెబ్బతో ఎట్లు పోవునో మన్రో చిన్ననాడే చూచెను. 1780లో ఆయన ఈస్టిండియా కంపెనీ సైన్యమున చేరి చెన్నపట్నమునకు వచ్చెను. పారసీ, హిందూస్థానీ భాషలను శ్రద్ధతో నేర్చెను. తన కొద్దిపాటి జీతములో మిగిల్చి తలిదండ్రులకు పంపుచుండెను.

1800లో నిజాము బళ్లారి, కడప ప్రాంతములను కంపెనీకి వదలెను. అవియే దత్తమండలములు. మన్రో వానికి ప్రధాన కలెక్టరై, అనంతపురమును ముఖ్యస్థానముగా చేసికొని, ఏడేండ్లు పనిచేసెను. గుడారములలో నివసించుచు ఊరూరు తిరిగి, భూములను కొలిపించి, రైతులతో నేరుగా శిస్తు నిర్ణయించు రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. ఆ శిస్తు తేలికయైనది కాదు. ఆ సంగతి మన్రోకును తెలియును. 1807లో ఇంగ్లండునకు వెడలుటకు ముందు, శిస్తును నాలుగవవంతు తగ్గింపవలెనని ఆయన పైవారికి వ్రాసెను. వారు అప్పుడు వినలేదు. ఆయన 1820లో చెన్నపట్నపు గవర్నరై వచ్చిన తరువాతనే ఆ తగ్గింపు నెరవేరెను.

గవర్నరైన పిదప మన్రో దృష్టి చదువుపై ప్రసరించెను. ప్రజల విద్యాస్థితినిగూర్చి సర్కారువద్ద సరియైన లెక్కలు లేవని ఆయన గ్రహించెను. తెలియని రోగమునకు మందిచ్చుట యెట్లు? కావున 1822లో ప్రతి జిల్లా కలెక్టరును బడులెన్ని, పిల్లలెందరు, వారు ఏ కులములవారు, ఏ పుస్తకములు చదువుచున్నారు అను విషయములను విచారించి తెలుపుమని ఆజ్ఞాపించెను.

అప్పుడు కొత్తచెరువు ప్రాంతము బళ్లారి జిల్లాలోనిది. ఆ జిల్లా కలెక్టరు ఏ. డి. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణము వ్రాసిన పండితుడు. ఆయన 1823లో పంపిన నివేదికలో 9,27,857 మంది జనులకు 533 బడులు ఉన్నట్లు తేలెను. అందు కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. చదువుకొనువారు 6,641 మంది. వారిలో బాలికలు 60 మందియే. ఈ 533 బడులలో ఒక్కదానికైనను సర్కారు సహాయము లేదని చెప్పుటకు సిగ్గగుచున్నదని ఆ కలెక్టరు ఒప్పుకొనెను. సీమనుండి వచ్చిన మిల్లు బట్టలవలన నేతవారి బ్రతుకు చెడెననియు, దేశము క్రమముగా బీదదైనదనియు, పేద తలిదండ్రులు చదువు ఖర్చు భరింపలేక పిల్లల లేత చేతులను పనిలో పెట్టుచున్నారనియు ఆయన నివేదించెను.

అన్ని జిల్లాల లెక్కలు చేరిన పిమ్మట మన్రో 1826 మార్చి 10వ తేదీన తన అభిప్రాయమును వ్రాసెను. రాజధాని యంతట 1,28,50,941 మంది జనులకు 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉండిరి. అనగా సుమారు 68 మందిలో ఒకరు బడికి పోవుచుండిరి. బళ్లారి జిల్లాలోనో, 140 మందిలో ఒకరు మాత్రమే! కరవుసీమ పిల్లలు తక్కినవారికంటె ఎంత వెనుకబడిరో ఈ రెండు అంకెలే చెప్పుచున్నవి.

చదువు క్షీణించుటకు ప్రజల పేదరికమును, సర్కారు ప్రోత్సాహము లేకపోవుటయు కారణములని మన్రో తలచెను. అయ్యవారికి నెలకు ఆరేడు రూపాయలకు మించి రానప్పుడు యోగ్యులైనవారు ఆ వృత్తికి రారు. కావున ప్రతి తహసీలునందు ఒక బడి పెట్టి ఉపాధ్యాయునికి నెలకు 9 రూపాయలును, ప్రతి జిల్లా ముఖ్యపట్టణమున హిందువులకొకటి, మహమ్మదీయులకొకటి బడి పెట్టి ఉపాధ్యాయునికి 15 రూపాయలును సర్కారు ఈయవలెనని ప్రతిపాదించెను. పుస్తకములకును, ఉపాధ్యాయుల శిక్షణకును వేరుగా ధనము కేటాయించెను. మొత్తము ఏటికి 48,000 రూపాయలు. ప్రజలు విద్యావంతులైనచో ఈ వ్యయము దేశమునకు లాభముగా తిరిగివచ్చునని ఆయన వాదించెను.

ఈ యేర్పాటునందు లోపములు లేకపోలేదు. సర్కారు జీతముతోపాటు పిల్లలనుండి రుసుమును వచ్చునని ఆయన లెక్కించెను. కాబట్టి చేతిలో అణాయైనను లేని కూలివాని బిడ్డకు ఆ బడి తలుపు పూర్తిగా తెరచుకొనలేదు. తహసీలంతటికి ఒక్క బడి యగుటచే దూరపు పల్లెలకు అది అందదు. బాలికలకును, అంటరానివారని దూరముంచబడిన పిల్లలకును అందు ప్రత్యేకమైన ఏర్పాటు ఏదియు లేదు.

ఆ పని వేళ్లూనకమునుపే మన్రో జీవితము ముగిసెను. పదవి విడిచి స్వదేశమునకు పోవుటకు ముందు దత్తమండలములను కడసారి చూచుటకై బయలుదేరి, 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో విషూచివ్యాధిచే మరణించెను. ఆయనను గుత్తిలో సమాధి చేసి, తరువాత అస్థికలను చెన్నపట్నమునకు చేర్చిరి. రాయలసీమలో కొందరు తమ బిడ్డలకు మన్రోలప్పయని పేరు పెట్టుకొనిరి.

ఆయన కోరిన బడులలో కొన్ని నెలకొనెను గాని, 1836లో సర్కారు వానిని ఎత్తివేసెను. అండయైనవాడు పోగానే పని ఆగినది. ఐనను ఆలోచన చావలేదు. 1854లో ఇంగ్లండునుండి వచ్చిన విద్యా శాసనపత్రము పాఠశాలలకు సర్కారు సహాయధనమిచ్చు పద్ధతిని ప్రవేశపెట్టెను. స్వతంత్ర భారతమున 2009లో చేసిన చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్లవరకు గల ప్రతి బాలునికిని, ప్రతి బాలికకును ఉచిత విద్యను హక్కుగా చేసెను. నేడు సర్కారు బడులలో జీతము లేని చదువే కాక, పుస్తకములును, మధ్యాహ్న భోజనమును లభించుచున్నవి.

బాలబాలికలారా! కొత్తచెరువులో వాన నేటికిని సందేహమే. కాని వాన రాని యేట బడి మూతపడవలసిన పని లేదు; అయ్యవారి జీతము ఇపుడు రైతు కల్లమునుండి కాక ఖజానానుండి వచ్చుచున్నది. ఆ ఖజానా ప్రజలందరిది. పేదబిడ్డ చదువు భారమును నాడందరును కలిసి మోయవలెనన్న న్యాయమును లెక్కలతో నిరూపింప యత్నించిన మన్రోను ఈ సీమ మరువరాదు.