మాడ్ అబ్బాట్

మాడ్ ఎలిజబెత్ సేమూర్ అబ్బాట్ (1869 మార్చి 18 - 1940 సెప్టెంబరు 2) కెనడా దేశానికి చెందిన సుప్రసిద్ధ వైద్యురాలు. పుట్టుకతో వచ్చే గుండె లోపాలను శాస్త్రీయంగా వర్గీకరించినవారిలో అగ్రగణ్యురాలు. ఇటువంటి లోపాలున్నవారికి ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ అనే వ్యాధి ఎంత ప్రాణాంతకమో ఈమె పరిశీలనల వలన స్పష్టమైనది.

బాల్యము, విద్యాభ్యాసము

ఈమె క్విబెక్ రాష్ట్రంలోని సెయింట్ ఆండ్రూస్ ఈస్ట్ గ్రామంలో జన్మించింది. పసితనంలోనే తల్లి మరణించగా అమ్మమ్మ వద్ద పెరిగింది. 1890లో మాంట్రియల్ నగరంలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం నుండి బి.ఏ. పట్టా పొందింది. స్త్రీ అయిన కారణంగా అక్కడి వైద్య విభాగంలో ప్రవేశం లభించలేదు. బిషప్స్ కళాశాలలో చేరి 1894లో వైద్య పట్టా సాధించింది.

పరిశోధనలు

ప్రవేశం నిరాకరించిన మెక్‌గిల్‌లోనే 1898లో వైద్య ప్రదర్శనశాలకు సహాయ సంరక్షకురాలిగా నియమితురాలైనది. అక్కడ భద్రపరచిన గుండెల అధ్యయనానికి ప్రఖ్యాత వైద్యుడు విలియం ఆస్లర్ ప్రోత్సాహం లభించింది. ఆస్లర్ 1885లోనే లండన్‌లో ఎండోకార్డైటిస్‌పై ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆయన సంపాదకత్వంలో వెలువడిన వైద్య గ్రంథానికి 1908లో ఈమె వ్రాసిన అధ్యాయంలో 412 మంది రోగుల వివరాలున్నాయి. 1936లో ప్రచురించిన అట్లాసులో ఆ సంఖ్య 1000కి చేరింది.

గుండె లోపము, కవాట వ్యాధి

సన్నని రంధ్రం గుండా గాని, లోపమున్న కవాటం గుండా గాని రక్తం వేగంగా పారినపుడు గుండె లోపలి పొర దెబ్బతింటుంది. చిగుళ్ళ వంటి చోట్ల నుండి రక్తంలో చేరిన బాక్టీరియా అక్కడ స్థిరపడి కవాటాన్ని నాశనం చేస్తాయి. జఠరికల మధ్య గోడలో రంధ్రం, మూడు రేకులకు బదులు రెండే రేకులున్న బృహద్ధమని కవాటం, పుట్టిన తరువాత కూడా మూసుకొనని ధమనీ నాళం ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ. చిన్న లోపంతో యౌవనం వరకు ఆరోగ్యంగా జీవించినవారు సైతం ఈ వ్యాధితో మరణించేవారు. ఆనాడు దీనికి సరైన చికిత్స లేదు.

అనంతర పరిణామాలు

1938లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ మూసుకొనని ధమనీ నాళాన్ని శస్త్రచికిత్సతో విజయవంతంగా బంధించాడు. 1940వ దశకం మధ్యలో పెనిసిలిన్ వాడుకలోకి రావడంతో ఎండోకార్డైటిస్ నయం కాసాగింది. అప్పటికే అబ్బాట్ మాంట్రియల్‌లో కన్నుమూసింది.

గుర్తింపు

1910లో మెక్‌గిల్ ఈమెకు గౌరవ వైద్య పట్టా ప్రదానం చేసింది. ఆ వైద్య విభాగంలో స్త్రీలకు ప్రవేశం 1918లో లభించింది. మెక్సికో నగరంలోని జాతీయ హృద్రోగ సంస్థకై డీగో రివేరా చిత్రించిన కుడ్యచిత్రంలో హృద్రోగ శాస్త్ర నిర్మాతల సరసన ఈమె కూడా ఉన్నది.