మార్పుకు ముందే లెక్క రాయమన్న జిమ్ గ్రే
బ్యాంకులో మీ ఖాతా నుంచి డబ్బు తగ్గింది, అవతలి ఖాతాలో పడేలోపే సర్వర్ ఆగిపోయింది. మరి ఆ డబ్బు ఏమైనట్టు? ఇలాంటి చిక్కులు విప్పడానికే ఏళ్ల తరబడి పనిచేశారు జిమ్ గ్రే.

1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు. 1969లో బర్క్‌లీలో పీహెచ్‌డీ చేశారు. తర్వాత ఐబీఎంలో సిస్టమ్ ఆర్ డేటాబేస్‌పై పనిచేశారు. ఆయన, సహచరులు పదునుపెట్టిన సూత్రం తేలికే: ప్రోగ్రామ్ డిస్క్‌లోని డేటాను మార్చకముందే పాత విలువ, కొత్త విలువ లాగ్‌లో రాసెయ్యాలి. పని మధ్యలో ఆగిందా, పాత విలువ వెనక్కి వస్తుంది. పూర్తయిందా, కొత్తది నిలుస్తుంది. ఏది ఎలా మారిందో తర్వాత ఆడిట్ చేసేవాళ్లకూ జాడ దొరుకుతుంది.

1998లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 2007 జనవరి 28న తల్లి అస్థికలు సముద్రంలో కలపడానికి ఒంటరిగా పడవలో వెళ్లారు, తిరిగి రాలేదు. మిత్రులు ఉపగ్రహ చిత్రాలు జల్లెడ పట్టినా జాడ దొరకలేదు.

ఇంటర్వ్యూలో ఏసిడ్ గురించి అడిగితే నాలుగు మాటలు అప్పజెప్పి ఊరుకోకండి. ఇవాళే మీ ల్యాప్‌టాప్‌లో పోస్ట్‌గ్రెస్ వేసుకోండి. ట్రాన్సాక్షన్ మధ్యలో సర్వర్ ఆపేసి, మళ్లీ స్టార్ట్ చేసి, ఏం మిగిలిందో చూడండి. ఇంటర్వ్యూలో అదే చెప్పండి.