రాతపనితోనే ఒక దేశం ఆటను నడిపించిన మేయర్.. 52 ఏళ్లు ఒకే కుర్చీలో! ఎవరీ కెప్టెన్ వాల్టర్ రీస్?

మన దగ్గర క్రికెట్ ఎలాగో, వేల్స్‌లో రగ్బీ అలాగ. బొగ్గు గనుల్లో, రేకుల ఫ్యాక్టరీల్లో వారమంతా ఒళ్లు హూనం చేసుకునే జనానికి శనివారం మధ్యాహ్నం మ్యాచే పండగ. అలాంటి ఆటకు ఒక మనిషి ఏకంగా 52 ఏళ్లపాటు కార్యదర్శిగా ఉన్నారు. ఆయన పేరు వాల్టర్ ఎనాక్ రీస్. వేల్స్ జట్టు జెర్సీ ఒక్కసారి కూడా వేసుకోలేదు. కానీ 1896 నుంచి 1948 వరకు ఆ జెర్సీ వేసుకున్న ప్రతి ఆటగాడికీ తెలిసిన పేరు ఆయనది.

నీత్ నుంచి మొదలు

దక్షిణ వేల్స్‌లోని నీత్ పట్టణం రీస్ సొంతూరు. చుట్టూ బొగ్గు గనులు, లోహపు పరిశ్రమలు. ఆ ఊరికి రగ్బీలో పెద్ద పేరే ఉంది. 1871లో పుట్టిన నీత్ క్లబ్ వేల్స్‌లోనే అత్యంత పాతది. 1881 మార్చిలో దేశం మొత్తానికి రగ్బీ సంఘం పెట్టాలని పెద్దలు కూర్చుని తీర్మానించింది కూడా ఆ ఊళ్లోని క్యాజిల్ హోటల్‌లోనే. అలాంటి చోట పుట్టిన 1860ల తరం మనిషి రీస్. మైదానంలో పేరు రాకపోయినా, క్లబ్ వ్యవహారాల్లో ఆరితేరారు. ఊరి రాజకీయాల్లోనూ ఎదిగి, 1905లో ఏకంగా నీత్ మేయర్ అయ్యారు.

1896లో విలియం గ్విన్ స్థానంలో వేల్స్ రగ్బీ సంఘం కార్యదర్శి బాధ్యతలు తీసుకున్నారు. మ్యాచ్‌లు ఖరారు చేయడం, ఉత్తరాలు రాయడం, లెక్కలు చూడటం.. పైకి మామూలు గుమాస్తా పనిలాగే కనిపిస్తుంది. కానీ కుర్చీలో కూర్చున్న కొన్ని నెలలకే అసలు పరీక్ష ఎదురైంది.

ఒక ఇల్లు తెచ్చిన తంటా

అప్పట్లో రగ్బీలో ఒక కఠినమైన నిబంధన ఉండేది. ఆడినందుకు ఆటగాడు ఒక్క పైసా కూడా తీసుకోకూడదు. మ్యాచ్ కోసం పని మానుకున్న కార్మికులకు పోయిన కూలీ ఇవ్వాలని ఇంగ్లండ్ ఉత్తరాది క్లబ్‌లు పట్టుబట్టాయి. కుదరదనడంతో 1895 ఆగస్టులో హడర్స్‌ఫీల్డ్‌లో సమావేశమై విడిపోయాయి. ఇప్పుడు మనం రగ్బీ లీగ్ అంటున్న ఆట పుట్టింది అలాగే.

ఆ వేడి చల్లారకముందే వేల్స్‌లో ఆర్థర్ గూల్డ్ గొడవ మొదలైంది. 1893లో వేల్స్‌కు తొలి ట్రిపుల్ క్రౌన్ అందించిన కెప్టెన్ గూల్డ్. అంటే ఒకే సీజన్‌లో ఇంగ్లండ్, స్కాట్లాండ్, ఐర్లాండ్ మూడింటినీ ఓడించిన జట్టుకు నాయకుడు. ఆయనకు కానుక ఇద్దామని అభిమానులు చందాలు పోగేశారు. సంఘమూ చేయి కలిపింది. 1897 ఏప్రిల్‌లో కార్డిఫ్‌లో విందు చేసి, గూల్డ్‌కు న్యూపోర్ట్‌లో ఒక ఇల్లు బహూకరించారు.

ఇది జీతం ఇవ్వడంతో సమానమని మిగతా దేశాలు మండిపడ్డాయి. వేల్స్ అంతర్జాతీయ బోర్డు నుంచి బయటికి వచ్చేసింది. ఫలితం? ఆ ఏడాది వేల్స్ ఆడింది ఒకే ఒక్క అంతర్జాతీయ మ్యాచ్. ఇక్కడ ఉన్నది అసలు చిక్కు. సొంత హీరోను వదులుకుంటే జనం ఊరుకోరు. బోర్డును వదులుకుంటే ఆడటానికి ప్రత్యర్థే ఉండడు. చివరికి 1898 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది. గూల్డ్ మళ్లీ వేల్స్ తరఫున ఆడడని సంఘం మాటిచ్చింది. ఇల్లు మాత్రం గూల్డ్‌కే దక్కింది.

1905.. మరపురాని ఏడాది

ఆ రాజీ వల్ల ఒరిగిందేంటో కొద్ది రోజుల్లోనే తేలింది. 1900 నుంచి 1911 మధ్య వేల్స్ ఆరు ట్రిపుల్ క్రౌన్‌లు గెలిచింది. రీస్ మేయర్ అయిన 1905లోనే డిసెంబర్ 16న న్యూజిలాండ్ జట్టు కార్డిఫ్ ఆర్మ్స్ పార్క్‌కు వచ్చింది. అప్పటికే ఆ పర్యటనలో వరుసగా 27 మ్యాచ్‌లు గెలిచిన జట్టది. దాదాపు 47 వేల మంది జనం. మ్యాచ్‌కు ముందు వేల్స్ ఆటగాళ్లు తమ జాతీయ గీతం అందుకుంటే స్టేడియం మొత్తం గొంతు కలిపింది. ఓ క్రీడా పోటీకి ముందు జాతీయ గీతం పాడటం అదే మొదలని చెబుతారు. టెడ్డీ మోర్గాన్ చేసిన ఒకే ఒక్క ట్రైతో వేల్స్ 3-0తో గెలిచింది. న్యూజిలాండ్ ఆటగాడు బాబ్ డీన్స్ చేసింది ట్రైనా కాదా అనే వాదన మాత్రం ఇప్పటికీ తెగలేదు.

1910లో దక్షిణాఫ్రికా వెళ్లిన బ్రిటిష్ జట్టుకు ఇంగ్లండ్‌కు చెందిన విలియం కెయిల్‌తో పాటు రీస్ కూడా మేనేజర్‌గా వెళ్లారు. నాలుగు దేశాల సంఘాలూ కలిసి పంపిన తొలి జట్టు అదే. టెస్ట్ సిరీస్ మాత్రం 2-1తో చేజారింది.

కెప్టెన్ అన్న పిలుపు ఎలా వచ్చింది?

మొదటి ప్రపంచ యుద్ధంలో రీస్ సైన్యంలోకి మనుషుల్ని చేర్చుకునే అధికారిగా పనిచేశారు. అప్పటి నుంచి ఆయన కెప్టెన్ రీస్ అయ్యారు. ఆ యుద్ధం వేల్స్ రగ్బీని కూడా వదల్లేదు. దేశం తరఫున ఆడిన 13 మంది తిరిగి రాలేదు. 1905లో న్యూజిలాండ్‌ను ఓడించిన జట్టులోని చార్లీ ప్రిచర్డ్ కూడా 1916లో ప్రాణాలు కోల్పోయారు.

ఆకలి ముందు నిబంధన

యుద్ధం తర్వాత మరో దెబ్బ. గనులు మూతపడ్డాయి, పనుల్లేవు. ఉత్తర ఇంగ్లండ్ లీగ్ క్లబ్‌లు డబ్బు చూపించి ఆటగాళ్లను తీసుకెళ్లాయి. 1921లో కార్డిఫ్ కుర్రాడు జిమ్ సల్లివాన్ 17 ఏళ్ల వయసులోనే విగాన్‌కు వెళ్లిపోయి, అక్కడ దిగ్గజం అయ్యాడు. అలా వెళ్లినవాళ్లకు యూనియన్ రగ్బీలో మళ్లీ చోటు లేదు. సంఘం ఆ నిబంధనను సడలించలేదు. ఇంట్లో పొయ్యి వెలగాలంటే దేశం జెర్సీ వదులుకోవాలి. ఎంతోమంది వదులుకున్నారు. జట్టు చిక్కిపోయింది. 1924లో న్యూజిలాండ్ చేతిలో 19-0తో ఓడింది.

అయినా జట్టు మళ్లీ లేచింది. 1933లో ట్విక్‌నమ్‌లో ఇంగ్లండ్‌పై తొలి విజయం. 1935లో న్యూజిలాండ్‌పై 13-12తో గెలుపు. ఈ మధ్యలోనే, 1934లో, సంఘం పేరు వెల్ష్ రగ్బీ యూనియన్‌గా మారింది.

రెండో ప్రపంచ యుద్ధాన్ని కూడా అదే కుర్చీలో చూసిన రీస్, ఎనభై దాటిన వయసులో 1948లో పదవి వదిలారు. ఎరిక్ ఎవాన్స్ ఆ స్థానంలోకి వచ్చారు. మరుసటి ఏడాది, 1949లో, రీస్ కన్నుమూశారు.

ఆయన హయాం పొడవునా సంఘం పట్టు వదలని ఆ నిబంధన చివరికి 1995 ఆగస్టులో రద్దయింది. హడర్స్‌ఫీల్డ్ చీలికకు సరిగ్గా వందేళ్లకు. ఇప్పుడు వేల్స్ ఆటగాళ్లు జీతం తీసుకునే ఆడుతున్నారు. ఆ కఠినత్వమే వేల్స్‌ను పెద్ద జట్ల సరసన నిలబెట్టిందనేది ఒక మాట. అదే ఎంతోమంది పేద ఆటగాళ్లను సొంత దేశానికి దూరం చేసిందనేది మరో మాట. రీస్ కథలో రెండూ నిజమే.