ఇరవై ఏళ్ల పార్షియల్‌కు అభినందనలు

2006 సెప్టెంబరు 19న పైథాన్ 2.5 విడుదలైంది. దానితోపాటే ఫంక్‌టూల్స్ అనే మాడ్యూల్, అందులో పార్షియల్ అనే చిన్న సాధనం మన చేతికొచ్చాయి. 2026 సెప్టెంబరు 19కి పార్షియల్‌కు ఇరవై ఏళ్లు నిండుతాయి. పెద్ద పెద్ద లైబ్రరీలకు సన్మానాలు ఎలాగూ జరుగుతాయి. ఇన్నేళ్లుగా సడీచప్పుడూ లేకుండా పనిచేస్తున్న దీనికి కూడా ఒక దండ వేయాలని నా కోరిక.

ఇది చేసే పని శుభలేఖ లాంటిది. ముహూర్తం, వేదిక, విందు వేళ ముందే అచ్చయి ఉంటాయి, పిలవాల్సిన వారి పేరు మాత్రం ఇచ్చేటప్పుడు రాస్తాం. ఒక ఫంక్షన్‌కు కావలసిన ఆర్గ్యుమెంట్లలో తెలిసినవాటిని ముందే బిగించేసి, మిగిలినవి మాత్రమే అడిగే కొత్త ఫంక్షన్‌ను పార్షియల్ ఇస్తుంది. ఇంట్ ఫంక్షన్‌కు బేస్ 2 అని బిగిస్తే చాలు, '10010' అనే బైనరీ సంఖ్యను ఇవ్వగానే 18 అని చెప్పే పనిముట్టు తయారు.

దీని అసలు విలువ తెలిసేది ఫంక్షన్‌ను మరొకరి చేతిలో పెట్టినప్పుడు. టికింటర్‌లో క్యాలిక్యులేటర్ కడుతున్నారనుకోండి. సున్నా నుంచి తొమ్మిది దాకా లూప్ తిప్పి, ప్రతి బటన్‌కూ లాంబ్డాతో ఒక పని అప్పగించారు. తీరా నొక్కి చూస్తే ఏ బటనైనా తొమ్మిదే పలుకుతుంది! లాంబ్డా ఆ అంకెను దాచుకోలేదు, చలరాశి పేరును మాత్రమే గుర్తుంచుకుంది. బటన్ నొక్కే వేళకు లూప్ ముగిసి, ఆ పేరు దగ్గర తొమ్మిదే మిగిలింది. పార్షియల్ అలా కాదు, తయారైన క్షణంలోనే అంకెను పట్టుకుంటుంది. లాంబ్డాకే డిఫాల్ట్ విలువ ఇచ్చి గట్టెక్కవచ్చు, నిజమే. కానీ తర్వాత ఆ కోడ్ చదివేవారికి అది ఎందుకు పెట్టారో వెంటనే తట్టదు. పార్షియల్ రాస్తే ఉద్దేశం ఆ పేరులోనే కనిపిస్తుంది.

దాపరికం లేకపోవడం దీనిలో నాకు మరీ నచ్చే గుణం. లోపల ఉన్న ఫంక్షన్ ఏదో, బిగించిన విలువలు ఏవో ఎప్పుడైనా అడిగి చూడవచ్చు. పేరుతో బిగించిన విలువను పిలిచేటప్పుడు మార్చుకోవచ్చు కూడా. మల్టీప్రాసెసింగ్‌లో పని పంచేటప్పుడైతే దీని మేలు మరువలేం. మామూలు పికిల్ లాంబ్డాను మరో ప్రాసెస్‌కు మోయలేదు. లోపలి ఫంక్షన్, విలువలు పికిల్‌కు లొంగేవైతే పార్షియల్ మాత్రం హాయిగా ప్రయాణిస్తుంది.

ఆర్గ్యుమెంట్లను ముందే బిగించే ఈ ఆలోచన మూలాలు 1924లో మోజెస్ షోన్‌ఫింకెల్ ప్రచురించిన తర్కశాస్త్ర వ్యాసం దాకా వెళ్తాయి. పైథాన్‌లోకి దీన్ని తేవాలని 2003లో పెప్ 309 అనే ప్రతిపాదన రాసినవారు పీటర్ హారిస్. 2014లో పైథాన్ 3.4తో క్లాసుల కోసం పార్షియల్‌మెథడ్ అనే తోబుట్టువూ వచ్చింది.

ఒక్క కొరత చాలాకాలం ఉండిపోయింది. స్థానాన్ని బట్టి ఇచ్చే ఆర్గ్యుమెంట్లను ఎడమ నుంచి వరసగా బిగించాల్సి వచ్చేది, మొదటిదాన్ని ఖాళీగా వదిలి రెండోదాన్ని బిగించే వీలు ఉండేది కాదు. 2025 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.14 ప్లేస్‌హోల్డర్‌ను ఇచ్చి ఆ లోటు తీర్చింది. ఇరవయ్యో పుట్టినరోజుకు ఇంతకంటే మంచి కానుక ఉంటుందా! పీటర్ హారిస్‌కు, ఫంక్‌టూల్స్‌ను ఇన్నేళ్లుగా కాపాడుతున్న వారందరికీ హృదయపూర్వక అభినందనలు.